గోడ వైపు తిరిగి తినే కాక

నేను రిటైరైన రోజు మా దవాఖానలో చిన్న సభ పెట్టి శాలువా కప్పారు. మాట్లాడిన ఆరుగురూ తిప్పి తిప్పి ఒకే మాట చెప్పారు, ఈ మేడం చేతిలో పడ్డ పేషెంటు ఎవరూ బాగుపడకుండా ఇంటికి పోలేదని. నేను తల వంచుకొని విన్నాను. శాలువా కప్పించుకున్న మనిషి లేచి నిజాలు మాట్లాడితే బాగుండదు. అందుకే ఆ రోజు చెప్పకుండా మింగేసిన సంగతి ఒకటి, కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీకు ఇప్పుడు చెబుతున్నాను. మీకు శాలువాలు కప్పడానికి ఇంకా చాలా ఏళ్లున్నాయి కాబట్టి వినే ఓపిక కూడా ఉంటుందనుకుంటాను.

కరీంనగర్‌లో క్యాన్సర్‌కు వైద్యం చేసే ఒక దవాఖానలో నేను ఫిజియోథెరపిస్టును. ఆపరేషన్ అయిపోయి, కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్ ఇవ్వడం అయిపోయి, "గండం గడిచింది, ఇక ఇంటికి పోండి" అని డాక్టర్లు చెప్పాక మా పని మొదలయ్యేది. ఇంటికి పోయిన మనిషి చెయ్యి పైకి లేవదు, మెడ తిరగదు, నోరు తెరుచుకోదు. గండం గడిచినందుకు సంతోషించాలో, చొక్కా వేసుకోవడం రానందుకు ఏడవాలో తెలియక మా గదికి వచ్చేవాళ్లు. వాళ్ల చేత కసరత్తు చేయించడం నా ఉద్యోగం. మా గదిలో పనిచేసే అటెండరును అందరూ భాయ్ అనేవాళ్లు. కరీంనగర్ పట్నంలోనే పుట్టి పెరిగిన మనిషి. నాకంటే ఏడాది ముందు చేరాడు కనుక నాకంటే తనకే ఎక్కువ తెలుసునని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాదని నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

నోటి క్యాన్సర్ వాళ్లకు చేయించే కసరత్తు చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఐస్‌క్రీమ్ పుల్లలు తెలుసు కదా, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, ముందు పళ్ల మధ్య పెట్టి, పట్టినన్ని పట్టాక మధ్యలోకి ఇంకొకటి దూర్చి, ముప్పై లెక్కపెట్టే దాకా ఓర్చుకోవాలి. రోజుకు అయిదుసార్లు. కరెంటు పెట్టిన దవడ లోపల గట్టిపడుతూ పోతుంది. ఈ కసరత్తు చేయకపోతే ఆరు నెలల్లో నోట్లో చెంచా కూడా పట్టదు. ఒక్కో పుల్ల రెండు మిల్లీమీటర్ల మందం. పుల్ల పెరిగిందంటే నోరు అంత తెరుచుకున్నట్టు. ఎవరి కట్ట వాళ్లదే, రబ్బరు బ్యాండు వేసి ఇంటికి పట్టుకుపోయి, మళ్లీ వారం అదే కట్టతో రావాలి.

పుల్లలు నేను కనిపెట్టినవి కావు. నేను కనిపెట్టింది చార్టు. గదిలో పెద్ద తెల్ల కాగితం అంటించి, దాని మీద పేషెంట్ల పుల్లల సంఖ్య వారం వారం రాసేదాన్ని. పేర్లు రాస్తే బాగుండదని ఊర్లు రాశాను. సుల్తానాబాద్ పన్నెండు. మెట్‌పల్లి పదకొండు. ఎవరికి పుల్ల పెరిగినా గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టాలి, అది నా రూలు. పెద్ద డాక్టర్లు వచ్చినప్పుడు ఆ చార్టు ముందు నిలబడి వివరించడం నాకు మహా ఇష్టం. దాని మీద ఒక వ్యాసం రాద్దామని కూడా అనుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ చార్టు మీదకు బోథ్ అనే ఊరు ఎనిమిదేళ్ల కింద ఒక గురువారం ఎక్కింది.

ఆ మనిషి ఉండేది గోదావరి ఒడ్డున బొగ్గుగనుల కాలనీలో, ఆ గనుల కంపెనీలోనే పనిచేసే కొడుకుకు ఇచ్చిన క్వార్టర్‌లో. కాని ఊరేదని అడిగితే బోథ్ అన్నాడు. "బతికింది ఈడ, ఊరు ఆడ. ఆడిదే రాయి బిడ్డా" అన్నాడు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని. అరవై మూడేళ్లు. గనిలో టింబర్‌మన్‌గా, అంటే బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టే పనిలో, ముప్పై ఏళ్లకు పైగా చేసి దిగిపోయాడు. గనిని వాళ్లు బాయి అంటారు. బాయిలో బీడీ ముట్టిస్తే ఉద్యోగం పోతుంది, ఒక్కోసారి బాయే పోతుంది. అందుకని చాలామందిలా ఈయనా తంబాకు బుగ్గన పెట్టుకొని పనిచేశాడు. ఆ బుగ్గే పోయింది. తొడ నుంచి కండ తీసి అక్కడ కుట్టారు.

"తొడది తెచ్చి మొకానికి పెట్టిండ్రు. ఇగ ఎవలన్న మొకం మీద కొడితే కాలు నొస్తది" అన్నాడు మొదటి రోజే. మాట కొంచెం ముద్దగా వచ్చేది గాని తగ్గేది కాదు. నేను ఆయన్ని కాకా అని పిలవడం మొదలుపెట్టాను. మా గదికి తాలీంఖానా, అంటే కుస్తీ పట్టేవాళ్లు కసరత్తు చేసే చోటు, అని పేరు పెట్టింది ఆయనే. భాయ్‌కి ఆ పేరు ఎంత నచ్చిందంటే ఫోన్‌లో కూడా "హా, తాలీంఖానా" అని మాట్లాడేవాడు.

మొదటి రోజు ఆయన నోట్లో తొమ్మిది పుల్లలు పట్టాయి. చార్టు మీద బోథ్ పక్కన తొమ్మిది వేశాను.

ఆయన వెంట వచ్చే భార్యను నేను చిన్నమ్మా అనేదాన్ని. సన్నగా, మాట తక్కువగా ఉండేది. రెండో వారమో మూడో వారమో కాక పుల్లలు పెట్టుకొని ముప్పై లెక్కపెట్టుకుంటుంటే, ఆమె నన్ను తలుపు బయటికి పిలిచింది.

"మేడం, ఒక ముచ్చట చెప్త, మీ కాకతోని అనకు. ఇంట్ల గోడ దిక్కు మల్లి తింటుండు."

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఆపరేషన్ అయిన కాడినుంచి గిన్నె పట్టుకొని లోపలి గదిలోకి పోతాడు. మూలకు కూర్చొని, ముఖం గోడకు పెట్టుకొని, గంటసేపు తింటాడు. పెదవి సగం మొద్దుబారింది కదా, మెతుకులు జారిపోతాయి, చారు కారుతుంది. అది ఎవరూ చూడకూడదు. కొడుకును రానివ్వడు, మనుమరాలిని రానివ్వడు, చివరికి ఈమెను కూడా. పెళ్లిళ్లకు, దావత్‌లకు పోవడం మానేశాడు. పాత దోస్తులు వస్తే పడుకున్నాడని చెప్పమంటాడు.

"నలభై ఏండ్లాయె మేడం. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, ఏ షిఫ్టైనా, ఆయన వచ్చినంకనే తిన్న. ఎదురుంగ కూసొని తిన్నం. గిప్పుడు ఆయన గోడ దిక్కు కూసుంటే నాకు బుక్క దిగుతలేదు. ఆయనకు అన్నం పెడ్త, నేను చాయ తాగి ఉంట."

ఆమె రవిక భుజాల దగ్గర ఎందుకంత వదులుగా ఉందో నాకు అప్పుడు తెలిసింది. లోపలికి వెళ్లి, అనవద్దన్న మాట వెంటనే అనేశాను. నా గుణం అది. "ఏంది కాకా, చిన్నమ్మ దిక్కు చూసుకుంట తింటలేవట?" అన్నాను.

కాక నోట్లోంచి పుల్లల కట్ట తీసి, తువ్వాలతో తుడిచి, భార్య వైపు ఒకసారి చూసి, నాతో అన్నాడు. "గా సుల్తానాబాదాయనకు పన్నెండు పడ్తున్నయ్ గదా. నాకు పదిహేను పడ్డనాడు మీ చిన్నమ్మ దిక్కు మల్లి తింట. నీ కాయిదం మీద రాసుకో."

నేను నిజంగానే రాసుకున్నాను. చార్టు మీద బోథ్ వరుస చివర పదిహేను వేసి ఎర్ర స్కెచ్‌పెన్‌తో సున్నా చుట్టాను. ఒక మనిషి తన భార్యకు ఎదురుగా కూర్చొని అన్నం తినడమనే పనికి అంకె పెట్టిన ఘనత నాదే. అప్పుడు నాకు అది చాలా తెలివైన పనిగా తోచింది.

నాలుగో వారం దాకా తొమ్మిదే. ఇంట్లో చేస్తున్నావా కాకా అంటే చేస్తున్న అంటాడు. చిన్నమ్మ కూడా చేస్తున్నాడనే అంటుంది. నోరు మాత్రం కదలదు. కరెంటు తిన్న దవడ కొందరిలో అలాగే మొండికేస్తుంది, అది ఆ మనిషి తప్పు కాదు, నాకు తెలుసు. తెలిసినా గురువారం గురువారం తొమ్మిది రాసేటప్పుడు నా ముఖం ఎలా ఉండేదో నేను చూసుకోలేదు. సుల్తానాబాద్ పదమూడుకు పోయింది, చప్పట్లు కొట్టాం. కాక కూడా కొట్టాడు.

అయిదో వారం పది పట్టాయి. ఆరో వారం పదకొండు. ఆ తర్వాత ఆగలేదు. పన్నెండు, పదమూడు. గదిలో చప్పట్లు మోగిపోయాయి. కాక లేచి నిలబడి, కుస్తీలో గెలిచిన వస్తాదులా రెండు చేతులూ ఎత్తాడు. నేను ఉప్పొంగిపోయాను. కొత్తగా చేరిన అమ్మాయిలను పిలిచి, చూడండి, ఓపిక ఉంటే దవడ కూడా కరుగుతుంది అని పాఠం చెప్పాను.

భాయ్ మాత్రం చప్పట్లు నెమ్మదిగా కొట్టేవాడు. ఒకరోజు అందరూ పోయాక అన్నాడు.

"మేడం, కాక పుల్లలు జర పతలా అయినట్టు కొడ్తున్నయ్."

"నోట్లె నాని నాని అరిగినయ్ కావచ్చు భాయ్."

"మరి సుల్తానాబాద్ పుల్లలు ఎందుకు అరుగుతలేవు?"

"ఆయన మంచిగ చేస్తలేడు" అన్నాను.

భాయ్ చీపురు తీసుకొని వెళ్లిపోయాడు. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఎదురుగా కనపడేదాన్ని కాదనడానికి మనిషికి ఎంత చదువు అవసరమో చూడండి.

పద్నాలుగు పడిన వారం చిన్నమ్మ కూడా అడిగింది. "పద్నాలుగు అంటున్నరు గదా మేడం, ఇంట్ల ఇంక జావనే తాగుతుండు. రొట్టె ముక్క పాలల్ల నానవెట్టిస్తే గూడ పోతలేదు. గట్లెట్ల?" అంది. జర ఓపిక పట్టు చిన్నమ్మా, ఇంకొక్క పుల్లే అన్నాను. ఆమె తల ఊపింది. చదువుకున్నదాన్ని, నేను చెప్పానంటే నిజమే అయ్యుంటుందని ఆమె అనుకుంది.

హైదరాబాద్ నుంచి పదిహేను రోజులకోసారి వచ్చే పెద్ద సర్జన్ ఉండేవారు. కాకకు ఆపరేషన్ చేసింది ఆయనే. కాకకు పదిహేను పడిన గురువారమే ఆయన వచ్చే రోజు కూడా అయింది. నేను ముహూర్తం కుదిరిందనుకున్నాను. సర్జన్ గారిని చేయి పట్టుకొని లాక్కొచ్చినంత పని చేసి చార్టు ముందు నిలబెట్టాను. ఇద్దరు చిన్న డాక్టర్లు, నర్సులు, భాయ్, సుల్తానాబాద్, మెట్‌పల్లి, అందరూ ఉన్నారు. చిన్నమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చింది. ఆ రోజు ఇంటికి పోయి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని తింటారని ఆమె నమ్మకం.

సర్జన్ గారు చార్టు చదివి, మెచ్చుకుంటున్నట్టే తల ఊపి, జేబులోంచి చిన్న స్కేలు తీశారు. కాక నోరు తెరిచాడు. ఆయన పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య స్కేలు పెట్టి చూశారు. మళ్లీ చూశారు.

"పదిహేను పుల్లలంటే ముప్పై మిల్లీమీటర్లు ఉండాలి కదమ్మా" అన్నారు మెల్లగా. "ఇక్కడ పద్దెనిమిదే ఉంది."

పద్దెనిమిదిని రెండుతో భాగిస్తే ఎంతో మీరూ చేసుకోగలరు. ఆయన కాక చేతిలోంచి కట్ట తీసుకొని, రబ్బరు బ్యాండు విప్పి, ఒక పుల్లను కిటికీ వెలుతురులో పట్టుకున్నారు. అవతలి వెలుగు కనపడుతోంది.

"ఎవరు చెక్కారు వీటిని?"

"నేనే సారు" అన్నాడు కాక. అప్పటికి దొరికిపోయానని అర్థమైంది. అయినా పనివాడు పనివాడే. "గాజు పెంకతోని గీకిన. అన్నీ ఒక్క తీరుగ వచ్చినయ్ సూడుండ్రి."

ఎవరో ఒక నర్సు ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడు ఉంటాడని ఊరుకోవలసింది. ఊరుకోలేదు. అంతమంది ముందు అన్నాను. "నన్ను గింత మోసం చేస్తవా కాకా? రెండు నెలలు పోయినయ్. ఇగ నీ నోరు తెరువదు. నువ్వే మూసుకున్నవ్. జీవితాంతం గోడ దిక్కే కూసొని తిను."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అని ఎనిమిదేళ్లయింది, ఇప్పటికీ ఒక్కోసారి గుర్తొచ్చి సిగ్గేస్తుంది. చిన్నమ్మ చార్టు వైపు చూసింది. ఎర్ర సున్నాలో నేను అప్పటికే టిక్కు పెట్టేశాను. కాక తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని, లేచి, చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. పుల్లల కట్ట సర్జన్ గారి చేతిలోనే ఉండిపోయింది.

తర్వాతి గురువారం ఆయన రాలేదు. ఆ పై గురువారం కూడా రాలేదు. ఫోన్ చేస్తే కొడుకు ఎత్తి, బాపు రానంటున్నాడు మేడం, కసరత్తు కూడా బంద్ పెట్టిండు అన్నాడు. నాకు భయం పట్టుకుంది. దవడ ఒక్కరోజు ఊరుకోదు, బిగుసుకుంటూనే ఉంటుంది. పద్దెనిమిది పదవుతుంది, పది అయిదవుతుంది. ఆ తర్వాత ముక్కులోంచి గొట్టం వేసి తిండి పోయాలి. అప్పుడు గోడ వైపు తిరిగినా ఒకటే, తిరగకపోయినా ఒకటే.

ఆ రెండు వారాలూ భాయ్ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మూడో సోమవారం గదిలోకి వచ్చేసరికి చార్టు లేదు. ఏమైందని అడిగితే తలుపు వైపు చూపించాడు. దాన్ని చింపి, వెనక్కి తిప్పి, చెప్పులు బయట విడువండి అని రాసి తలుపుకు అంటించాడు.

"గిప్పుడు జర కామ్‌కు వచ్చింది" అన్నాడు. నా ముఖం చూసి నెమ్మదించాడు. "మేడం, ఒక మాట చెప్త, గుస్సా కావద్దు. కాక తొమ్మిది అన్ననాడల్ల మీరు మొకం కిందికి పెడ్తుంటిరి. నేను చూసిన, ఆయన గూడ చూసిండు. మీ కోసం పరేషాన్ అయి చెక్కిండు గాని, ఆయనకేం ఫాయిదా?"

ఆ ఆదివారం నేను బస్సెక్కాను. సుల్తానాబాద్, పెద్దపల్లి దాటి కాలనీ చేరేసరికి మధ్యాహ్నం అయింది. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. క్షమించమని అడగడం నాకు పెద్దగా అలవాటు లేదు. ఫిజియోథెరపీలో అది నేర్పరు.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను, చివర్లో అద్భుతం జరుగుతుందని మీరు ఎదురుచూడకుండా. కాక నోరు పూర్తిగా ఎప్పుడూ తెరుచుకోలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర కష్టపడితే ఇరవై ఆరు మిల్లీమీటర్ల దాకా వచ్చి ఆగింది. నేనూ అంతకంటే సాధించలేకపోయాను. నా సభలో మాట్లాడిన ఆరుగురికీ ఆ సంగతి తెలియదు.

క్వార్టర్ తలుపు తెరిచే ఉంది. కాక మంచం మీద కూర్చొని ఉన్నాడు. కొడుకు, కోడలు, మనుమరాలు ఏదో పెళ్లికి పోయారట. ఆయన పోలేదు, అందుకని చిన్నమ్మా పోలేదు. నన్ను చూసి తువ్వాల కోసం చెయ్యి చాపాడు. అది అందక కొంగలా మెడ పక్కకు తిప్పుకున్నాడు.

"బస్సుల వచ్చినవా బిడ్డా? పుల్లలు లెక్కవెట్టనీకి?"

"లేదు కాకా. తిట్టించుకుందామని వచ్చిన."

"నాకు మాట సరిగ్గ వస్తలేదు. తిట్టాలంటే నోరు మంచిగుండాలె. మీ చిన్నమ్మను తిట్టుమందామా?"

నేను మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు నేనన్న మాట తప్పు అన్నాను. నోరు తెరుచుకోకపోవడం నీ తప్పు కాదు, నాకు తెలిసి కూడా నిన్ను అన్నాను అన్నాను. అని తల దించుకున్నాను. ఆయన కంగారుపడ్డాడు.

"అగో, గిందుకే బిడ్డా నేను చెక్కింది. నీ మొకం గింతైతది. ఎక్కడెక్కడికెళ్లో వచ్చేటోళ్లను చూస్తవ్, పొద్దందాక నిలబడ్తవ్. నాతోని ఒక్క పుల్లన్న పెరగకపోతే ఎట్ల అనిపించింది. మొదలు ఒక్క పుల్ల ఎక్కువ పట్టేటంత గీకిన. నువ్వు గంత సంబురపడ్డవ్. ఇగ చేతులు ఆగలే."

నేను ఆయన దవడ బాగుచేస్తున్నాననుకున్నాను. ఆయన నన్ను సంతోషపెట్టే పని మీద ఉన్నాడు. ఇద్దరిలో ఆయన పనే బాగా సాగింది.

చిన్నమ్మ వంటింట్లోంచి వచ్చి, తినకుండా పోతే ఊరుకోను అంది. ఆదివారం కదా, కోడికూర వండింది. నాకు పళ్లెంలో అన్నం, కూర పెట్టింది. కాకకు గిన్నెలో మెత్తగా పిసికిన పప్పన్నం కలిపి ఇచ్చింది. ఆయన గిన్నె అందుకొని, అలవాటుగా లేచి, లోపలి గదిలోకి పోయాడు. కుర్చీలోంచి నాకు ఆయన వీపు కనిపిస్తోంది. మూలకు చేరి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చిన్నమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆమె చేతిలో పళ్లెం లేదు, చాయ గ్లాసు ఉంది.

నాకు ముద్ద నోట్లోకి పోలేదు. చిన్నమ్మకు బుక్క దిగకపోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఏదో ఒకటి అనాలని అన్నాను.

"ముప్పై ఏండ్లు బాయిల పదిమంది నడుమ కూసొని తిన్న మనిషివి కాకా. గిప్పుడు గోడతోని దావత్ చేసుకుంటున్నవా?"

ఆయన తిరగకుండానే జవాబు చెప్పాడు.

"బాయిల ఎవడు ఎవని మొకం చూసిండు బిడ్డా? ఆడ తినుడే వేరుంటది. అందరం గోడకు ఈపు వెట్టి వరుసగ కూసుంటం. టోపీ లైటు కిందికి, గిన్నె మీదికి వంచుకుంటం. పక్కోని మొకం మీద లైటు కొట్టద్దు, కండ్లు పోతయ్. అది తప్పు గూడ. ఎవడు ఎట్ల తింటుండో ఎవనికీ ఎరుక లేదు. పక్కపొంటి భుజం తాకుతది, గంతే. ముచ్చట్లు ఇనవడ్తయ్. గట్ల తిన్న అన్నం ఎంత మంచిగ ఉండె."

చిన్నమ్మ గడపలోనే నిలబడి ఉంది. బాయికి గిన్నె కట్టి పంపిన మనిషి. ఆ గిన్నెను అడుగున ఎలా కూర్చొని తింటారో ఆమె ఎన్నడూ అడిగినట్టు లేదు, ఆయన ఎన్నడూ చెప్పినట్టు లేదు.

ఆమె చాయ గ్లాసు గూట్లో పెట్టింది. పళ్లెం తీసుకొని అన్నం పెట్టుకుంది, కొంచెం కూర వేసుకుంది. లోపలి గదిలోకి పోయి ఆయన పక్కన నిలబడింది.

"మల్లు. ఈపు గోడకు వెట్టు."

"నువ్వు పో."

"నేను ఎదురుంగ కూసుంట అంటలేను. పక్కపొంటి కూసుంట. నీ దిక్కు చూడ. నా గిన్నె నేను చూసుకుంట. జర మల్లు."

ఆయన చాలాసేపు కదలలేదు. ఆమె నిలబడే ఉంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి పళ్లెం పట్టుకొని అంతసేపు నిలబడటం కష్టం, అది ఆయనకూ తెలుసు. చివరికి ఒక చెయ్యి నేలకు ఆనించి, గిన్నె ఒలకకుండా పట్టుకొని, కొంచెం కొంచెంగా జరిగి తిరిగాడు. వీపు గోడకు ఆనింది. ముఖం వాకిలి వైపుకు వచ్చింది. ఆమె పక్కన కూర్చుంది, భుజానికి భుజం తాకేలా.

అప్పుడు ఆయన ఎదురుగా ఉన్నది నేను ఒక్కదాన్నే, కుర్చీలో. చిన్నమ్మ తల ఎత్తకుండానే అంది.

"నువ్వు ఆడ కూసుంటే కనవడ్తది బిడ్డా. ఈడికి రా."

నేను పళ్లెం తీసుకొని పోయి ఆమె పక్కన, అదే గోడకు వీపు పెట్టి కూర్చున్నాను. ముగ్గురం వరుసగా. ఎదురుగా తెరిచిన తలుపు, దాని అవతల దండెం మీద మనుమరాలి బడి గౌను. నేను ఆ గౌనునే చూస్తూ తిన్నాను. పక్కన చెంచా గిన్నెకు తగులుతున్న చప్పుడు, తర్వాత మింగుతున్న చప్పుడు, ఆగి మళ్లీ చెంచా చప్పుడు. ఒకసారి ఏదో జారి నేల మీద పడింది. చిన్నమ్మ అటు చూడకుండానే తువ్వాల పక్కకు జరిపింది. ఆయన తీసుకున్నాడు. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవాల్సిన పని లేదు, వరుసలో కూర్చుంటే ఎవరూ చూడరు.

కాసేపటికి కాక మాటలు మొదలుపెట్టాడు. బాయిలో ఒకసారి తన గిన్నె అనుకొని పక్కవాడి గిన్నెలో కూర మొత్తం తినేసిన దోస్తు కథ చెప్పాడు. చిన్నమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె పళ్లెం ఖాళీ అయింది. లేచి వంటింట్లోకి పోయి మళ్లీ అన్నం పెట్టుకొని, ఈసారి కూర ఎక్కువ వేసుకొని వచ్చి అదే చోట కూర్చుంది. ఆయన గిన్నెలో ఇంకా సగం ఉంది. గరిటె చప్పుడు విన్నట్టున్నాడు, తల తిప్పకుండా ఎదురుగా చూస్తూనే నాతో అన్నాడు.

"నా నోరు ఎప్పుడు తెరుస్తదో ఎరుక లేదు గాని బిడ్డా, మీ చిన్నమ్మ నోరైతే ఇయ్యాల తెరిచింది. రాసుకో."

నా దగ్గర రాసుకోవడానికి కాగితం లేదు.